ఎకనామిక్స్ డిగ్రీకి కాలేజీ ఎంపిక: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. ఇంటర్ ఫలితాలు రాగానే తల్లిదండ్రుల నుంచి ఏటా వినే మాటలివి.

అపోహ: ఎకనామిక్స్ ఆర్ట్స్ సబ్జెక్టు, లెక్కలతో పనేముంది?

వాస్తవం: మన పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కు సీయూఈటీలో (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) గణితం రాసి తీరాలి. అంటే ఇంటర్‌లో గణితం లేని సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకున్న రోజే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. ఎంఈసీ పిల్లలకు అర్హత ఉంటుంది గానీ, సీఏ కాక ఇంకో దారి ఉందని వాళ్లకు చెప్పేవారే తక్కువ. ఎంపీసీ వాళ్లకు బిట్స్ పిలానీ, ఐఐటీ కాన్పూర్‌లలో కూడా ఎకనామిక్స్ కోర్సులున్నాయి.

డిమాండు రేఖ గీయడానికి ఇంటర్ చదువు చాలు. ధర కాస్త పెరిగితే కొనుగోళ్లు ఎంత తగ్గుతాయో కట్టాలంటే కలన గణితం కావాలి. ఆ అంచనాను ఎంతవరకు నమ్మొచ్చో తేల్చాలంటే స్టాటిస్టిక్స్ రావాలి. అందుకే కాలేజీకి వెళ్లగానే సిలబస్ అడగండి. ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక లెక్కలకు స్టాటిస్టిక్స్ వాడే పేపర్) తప్పనిసరా? ల్యాబ్‌లో ఆర్, స్టాటా లాంటి డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్లు పిల్లల చేతే చేయిస్తారా? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట చేర్చొద్దు.

అపోహ: ర్యాంకు, నాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే సంస్థ) గ్రేడు చూస్తే సరిపోతుంది.

వాస్తవం: అవి కాలేజీ మొత్తానికి ఇచ్చేవి. కేంద్రం ఏటా ఇచ్చే ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో ఎకనామిక్స్‌కు విడి జాబితా లేదు. పర్మినెంట్ లెక్చరర్లు ఎందరున్నారో, సీనియర్లు పీజీకి ఎక్కడికి వెళ్లారో ఫైనలియర్ పిల్లలను అడగండి. ప్రిన్సిపాల్ గదిలో దొరకని సమాధానాలు క్యాంటీన్ దగ్గర దొరుకుతాయి.

అపోహ: ఢిల్లీ వెళ్లకపోతే దండగ.

వాస్తవం: ఢిల్లీ యూనివర్సిటీ (డీయూ) కాలేజీలన్నిటికీ ఎకనామిక్స్ ఆనర్స్ సిలబస్ ఒకటే. పేరున్న కాలేజీలో తోటి విద్యార్థుల పోటీ వల్ల మేలు జరిగే మాట నిజం. అయితే హాస్టల్ దొరక్కపోతే బయట గదికయ్యే ఖర్చు కూడా లెక్కేసుకోండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. పుణెలో గోఖలే ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో అంబేడ్కర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఉన్నాయి.

అపోహ: డిగ్రీ కాగానే ఐఈఎస్ (ఇండియన్ ఎకనామిక్ సర్వీస్) రాయొచ్చు.

వాస్తవం: రాయలేరు. యూపీఎస్సీ నిర్వహించే ఆ పరీక్షకు అర్థశాస్త్రంలో పీజీ ఉండాలి. ఆ పీజీకి ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) లాంటి చోట సీటు రావాలంటే ప్రవేశ పరీక్షలో మళ్లీ గణితమే.

ఇప్పటికే సీఈసీ పూర్తయిందా? టెన్షన్ పడకండి. రాష్ట్ర యూనివర్సిటీల పరిధిలోని కాలేజీల్లో ఎకనామిక్స్‌తో బీఏ చేయొచ్చు. మొదటి ఏడాదే తెలుగు అకాడమీ ఇంటర్ గణితం పుస్తకాలు తెచ్చుకుని మాత్రికలు, అవకలనం, సంభావ్యత మొదలుపెట్టండి.