సైకాలజీకి అప్పు చేయొచ్చా? ఈ ప్రశ్న వెనకున్న ముప్పై ఏళ్ల కథ

భీమవరంలోనైనా అమలాపురంలోనైనా బైపీసీ అయిపోయి నీట్‌లో ర్యాంకు రాని పిల్లల్లో కొందరు ఇప్పుడు "సైకాలజీ చేస్తా" అంటున్నారు. ఇంట్లో అడిగేవి రెండే ప్రశ్నలు: చదివాక ఎంతొస్తుంది, బ్యాంకు లోనిస్తుందా? రెండోదానికి జవాబు దొరుకుతుంది. మొదటిదానికే ఎవరూ సూటిగా చెప్పరు, ఎందుకంటే మన దగ్గర చదువు అప్పుల పద్ధతి ఒక దారిలో పెరిగింది, సైకాలజిస్టు లైసెన్సు ఇంకో దారిలో పెరిగింది, ఈ రెండూ ఎక్కడా కలవలేదు.

ముందు అప్పు సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా భూమికి విలువ వచ్చింది. ఆ తర్వాత పిల్లల చదువుకు చాలా ఇళ్లలో పొలమే ఆధారం. అర ఎకరం అమ్మడమో, నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాయడమో, అంతే. ఆ వడ్డీ ఏడాదికి 24 శాతమని అప్పట్లో ఎవరూ అనుకునేవారు కాదు, "రెండ్రూపాయలేగా" అనేవారు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు పెరిగాక క్యాపిటేషన్ ఫీజుల (సీటు కోసం అసలు ఫీజుకు మించి గుంజే డబ్బు) గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1993 నాటి ఆ తీర్పు పేరే ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అన్న ఏర్పాటు దాంతో వచ్చింది, 2002లో టీఎంఏ పాయ్ కేసులో పోయింది. ఈ మధ్యలో, 2001లో, బ్యాంకుల సంఘమైన ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ మోడల్ ఎడ్యుకేషన్ లోన్ స్కీమ్ తెచ్చింది, అంటే బ్యాంకులు చదువు అప్పులకు వాడుకునే నమూనా.

ఈ స్కీములో అసలు కిటుకు వాయిదాలు ఎప్పుడు మొదలవుతాయన్న దగ్గరుంది. కోర్సు అయిపోయాక మహా అయితే ఏడాది ఆగుతారు, తర్వాత కట్టాల్సిందే. పంట రుణానికి గడువు కోతలు చూసుకుని పెట్టినట్టు, ఈ గడువు నాలుగేళ్లకు చేతికొచ్చే ఇంజినీరింగ్ పంటకు సరిగ్గా సరిపోయింది. 2009లో కేంద్రం ఇచ్చిన వడ్డీ సబ్సిడీ కూడా ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకు, అదీ సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకే. మామూలు ఎం.ఏ. సైకాలజీ ఆ గీతకు బయటే ఉండిపోయింది. ఇటు రాష్ట్రంలో డిగ్రీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ అలవాటయ్యాక, 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీకి దాన్ని ఆపేసింది. డిగ్రీ సర్కారుది, పీజీ ఇంటిది అన్న పంపకం అలా గట్టిపడింది.

ఇక సైకాలజీ. మన దేశంలో దీనికి మొదటి శాఖ 1916లో కలకత్తా యూనివర్సిటీలో పెట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో కె. రామకృష్ణారావు గారు సైకాలజీతోపాటు పారాసైకాలజీ శాఖ నడిపారు, దానికి దేశం బయట కూడా పేరుంది. పెద్దవాళ్లలో కొందరికి ఈ సబ్జెక్టంటే ఇప్పటికీ అతీంద్రియ శక్తులే గుర్తొస్తాయంటే తప్పు వాళ్లది కాదు! మిగతావాళ్లకు అది బీఈడీలో ఒక పేపరు, సివిల్స్‌లో ఒక ఆప్షనల్. దాంతో బతుకుతెరువు అన్న ఊహ తక్కువ.

1992లో రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చి క్లినికల్ సైకాలజిస్టుకు, అంటే మానసిక జబ్బులకు మందులు లేకుండా చికిత్స చేసేవాళ్లకు, ఆ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. దానికి అసలు దారి ఎం.ఏ. తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్., సీట్లు బహు తక్కువ. డిగ్రీ మూడు, ఎం.ఏ. రెండు, ఎం.ఫిల్. రెండు, మొత్తం ఏడేళ్లు. ఎం.ఏ.కి తీసుకున్న లోను మాత్రం మామూలుగా ఎం.ఏ. అయిన ఏడాదికే తలుపు తడుతుంది, అంటే పిల్ల ఎం.ఫిల్.లో ఉండగానే, లేదా ఎంట్రన్సుకు రెండోసారి కూర్చుంటుండగా. పదేళ్ల గడువుకు 10 శాతం వడ్డీ వేస్తే లక్షకు నెలకు దాదాపు 1,320 రూపాయలు పడుతుంది. ఆరు లక్షలకు 7,900 పైమాటే, చదివినన్నాళ్ల వడ్డీ కలపకుండానే. కౌన్సెలర్‌గా 20 వేల జీతంతో విశాఖ హాస్టల్లో ఉండేవాళ్లకు ఆ మొత్తం ఎంత బరువో చెప్పక్కర్లేదు.

పోనీ ఆ దారైనా నిలకడగా ఉందా అంటే, లేదు. కొత్త విద్యావిధానం ఎం.ఫిల్.నే ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చి దాని స్థానంలో వేరే కోర్సులు తెస్తున్నారు. డాక్టర్లు, నర్సులు కాని ఇతర వైద్య వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టం మిగతా సైకాలజిస్టులను ఆ అలైడ్ హెల్త్‌కేర్ కిందకు తెచ్చింది. దాన్ని పట్టుకునే 2025లో యూజీసీ సైకాలజీని దూరవిద్యలో చెప్పకూడదంది. ఉద్యోగం చేసుకుంటూ, అప్పు లేకుండా ఎం.ఏ. చేసే చవక దారి అక్కడితో మూసుకుపోయింది. నాణ్యత కోసమే అన్నారు, నిజమే కావచ్చు, కానీ ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడిందో కూడా చూడాలి కదా.

జీతాన్ని అప్పుతో తూచే లెక్క అమెరికా నుంచి మన బంధువుల వాట్సాప్‌లలోకి వచ్చింది. అక్కడ 2024లో సైకాలజిస్టు మధ్యస్థ వేతనం ఏడాదికి 94,310 డాలర్లు. చూడగానే కళ్లు తిరుగుతాయి. అయితే 1949లో సైకాలజిస్టుల శిక్షణ ఎలా ఉండాలో తేల్చిన బౌల్డర్ సమావేశం నుంచి అక్కడ క్లినికల్ సైకాలజీకి డాక్టరేటే కొలమానం, చాలా రాష్ట్రాల్లో అది లేకుండా ఆ హోదా పెట్టుకోలేరు. మాస్టర్స్‌కు ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లేవాళ్లు ఆ అంకెను తమ జీతమనుకుంటే కష్టం. ఇక్కడైనా అంతే, "ఎంతొస్తుంది" అని అడిగేముందు ఎం.ఏ. చేతికొచ్చిన ఏడాది సంగతా, రిజిస్ట్రేషన్ నంబరు వచ్చాక సంగతా తేల్చుకోవాలి.

అవసరం లేక కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వేలో మానసిక సమస్యలున్నవాళ్లలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. 2022 అక్టోబరులో మానసిక సాయానికి కేంద్రం పెట్టిన ఫోన్ లైన్ టెలీ మానస్ (14416) మొదలైంది. 2025 జులైలో, విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న అమ్మాయి మృతి కేసులో, సుప్రీంకోర్టు వంద, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలన్నీ అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. ఇదీ ఆంధ్రప్రదేశ్ కేసే. రాజమండ్రి, కాకినాడ, భీమవరం కార్పొరేట్ కాలేజీలన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. పోస్టు ఉండాలన్నారు గానీ జీతమెంతో చెప్పలేదు. దానికి ఎం.ఏ. సైకాలజీ వాళ్లనే తీసుకుంటారో, ఉన్న లెక్చరర్‌కే నాలుగు రోజుల ట్రైనింగ్ ఇప్పించి బోర్డు తగిలిస్తారో రాబోయే నియామకాల్లో తెలుస్తుంది.