సమ ఉజ్జీల పోరు: అపోహలు – వాస్తవాలు, ఒక బాగోతం ఆడేవాడి మాట

నేను దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో యక్షగానం ఆడతాను, పిల్లలకు నేర్పిస్తాను. మా దగ్గర దీన్ని బాగోతం అంటారు. భీముడి వేషం కట్టాను, జరాసంధుడి వేషమూ కట్టాను, కాబట్టి ఒకే పోరును రెండు పక్కల నుంచీ చూసినవాణ్ని. ఆట అయ్యాక జనం అడిగేవి, వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు చూస్తుంటే, ఇద్దరు సమానులు తలపడే కథల గురించి తప్పుగా అనుకునేవి చాలానే ఉన్నాయనిపించింది. వాటిలో కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఇద్దరికీ ఒకే బలం, ఒకే వరం ఉంటే కథ అక్కడే ఆగిపోతుంది.

నిజానికి కథ మొదలయ్యేదే అక్కడ. సుందోపసుందుల సంగతి తీసుకోండి. ఆదిపర్వంలో నారదుడు పాండవులకు చెప్పిన కథ ఇది. అన్నదమ్ములిద్దరూ ఘోర తపస్సు చేశారు. బ్రహ్మ అమరత్వం ఇవ్వనన్నాడు. అయితే మేము ఒకరి చేతిలో ఒకరం తప్ప ఇంకెవరి వల్లా చావకూడదు అని అడిగారు. ఒకరు లేకుండా ఒకరు తినరు, ఒకరిని వదిలి ఒకరు ఎక్కడికీ పోరు, అలాంటివాళ్లు ఒకరినొకరు చంపుకుంటారా, కాబట్టి ఇది చావులేని వరమే అనుకున్నారు. వాళ్లను కాపాడేది ఏదో, వాళ్లను చంపేదీ అదే. దేవతలకు ఇది అర్థమైంది కాబట్టే కొత్త ఆయుధం కోసం వెతకలేదు, విశ్వకర్మతో తిలోత్తమను చేయించి పంపారు. ఆమె కుడిచేయి సుందుడు పట్టుకున్నాడు, ఎడమచేయి ఉపసుందుడు పట్టుకున్నాడు, నా భార్య అంటే నా భార్య అన్నారు, గదలు లేచాయి, ఇద్దరూ పడిపోయారు. ద్రౌపది విషయంలో మీ ఐదుగురికీ ఇలాంటి తగవు రాకూడదు, ఒక నియమం పెట్టుకోండి అని చెప్పడానికే నారదుడు ఈ కథ ఎత్తుకున్నాడు.

ఈ ఆట కట్టే పిల్లలు నేరుగా గదల దగ్గరికి దూకుతారు, అక్కడ చప్పట్లు పడతాయని. నేను మాత్రం మొదటి సగం అంతా అన్నదమ్ముల ప్రేమ మీదే పెట్టమంటాను. ఆ ప్రేమ జనం మనసులో దిగితేనే చివర గద లేచినప్పుడు కడుపులో కలుక్కుమంటుంది. ప్రేమ చూపించకుండా పోరు చూపిస్తే అది ఉత్త కొట్లాట.

అపోహ: భీముడికి బలం ఎక్కువ కాబట్టి దుర్యోధనుడు ఓడిపోయాడు.

కృష్ణుడే ఈ మాట ఒప్పుకోలేదు. ఇద్దరికీ విద్య సమానమే, భీముడికి బలం ఎక్కువ, సాధన మాత్రం దుర్యోధనుడిదే ఎక్కువ, ధర్మంగా పోరాడితే భీముడు గెలవలేడు అని శల్యపర్వంలో అర్జునుడితో చెప్పాడు. ఇద్దరూ బలరాముడి దగ్గర గద నేర్చినవాళ్లే. భీముణ్ని కొట్టడం కోసం దుర్యోధనుడు ఇనుముతో భీముడి బొమ్మ చేయించుకుని పదమూడేళ్లు దాని మీద సాధన చేశాడని కూడా ఆ పర్వంలోనే ఉంది. అంత సాధన చేసినవాణ్ని రంగం మీద పిరికివాడిలా ఆడటం నాకు అస్సలు నచ్చదు. భీముడు గెలిచింది నాభి కింద కొట్టకూడదన్న నియమం దాటి, అర్జునుడు తొడ చరిచి చూపిన సైగ అందుకుని. శిష్యులిద్దరినీ తెలిసిన బలరాముడు అందుకే నాగలి ఎత్తి భీముడి మీదికి వచ్చాడు. ఆ కోపం లేకుండా ఆట ముగిస్తే జనానికి సగం న్యాయమే చెప్పినట్టు.

దీనికే తోకలా ఇంకో అపోహ ఉంది. గాంధారి కళ్లగంతలు విప్పి చూస్తే దుర్యోధనుడి ఒళ్లు వజ్రమైంది, గోచీ కట్టుకున్న చోటు, తొడలు మిగిలిపోయాయి అని. చాలా మంది ఇది వ్యాసుడే రాశాడనుకుంటారు. వ్యాస భారతంలో ఈ ఘట్టం లేదు. అక్కడున్నది వేరే: వనపర్వంలో దానవులు దుర్యోధనుడితో, నీ పై శరీరాన్ని శివుడు వజ్రాలతో చేశాడు, కింది సగాన్ని దేవి పూలతో చేసింది అంటారు. గాంధారి కథ తర్వాత జనం అల్లుకున్నది. ఆ కథ ఆడొద్దని నేను అనను, తల్లి ప్రేమ అందులో గొప్పగా ఉంది. భారతంలో ఉంది అని మాత్రం చెప్పకండి.

మా ఊళ్లలో పెద్దలు చెప్పే ఇంకో కథ ఉంది, దాన్ని అపోహ అనడానికి నాకు మనసొప్పదు. భీముడు, దుర్యోధనుడు, జరాసంధుడు, కీచకుడు, బకాసురుడు ఈ ఐదుగురూ ఒకే నక్షత్రంలో పుట్టారట. వాళ్లలో ఎవరు మొదట ఒకరిని చంపుతారో, మిగిలినవాళ్లకు వాళ్ల చేతిలోనే చావు. అంటే ఐదుగురికీ ఒకటే కవచం, ఒకటే గండం. ఇది నమ్మి చూస్తే భీముడి కథంతా వేరేగా కనిపిస్తుంది. ఏకచక్రపురంలో బండెడు అన్నం తింటూ కూర్చుని బకుణ్ని చంపాడే, ఆ రోజే జరాసంధుడు, కీచకుడు, దుర్యోధనుడు ముగ్గురి తలరాతా తేలిపోయింది, వాళ్లకే కాదు భీముడికి కూడా ఆ సంగతి తెలియదు. ఇక్కడ జనం పొరబడేది ఒక్కచోట: ఒకే గండం ఉంటే ఇద్దరూ పోతారు అనుకుంటారు. కాదు, ముందు ఎవరు దాన్ని వాడారన్నదే లెక్క.

అపోహ: జరాసంధుణ్ని చీల్చడం ఒక్క పూట పని.

సినిమాల్లో అలా చూసి అలవాటైంది. వ్యాస భారతంలో కార్తీక మాసం మొదటి రోజున మొదలై పదమూడు రోజులు తిండీ నిద్రా లేకుండా సాగింది, పద్నాలుగో రాత్రికి జరాసంధుడు అలసిపోయాడు. భాగవతంలో ఇరవై ఏడు రోజులు. అందులో నాకు ప్రాణమైన ముక్క ఒకటుంది: పగలంతా కొట్టుకుంటారు, రాత్రి స్నేహితుల్లా ఉంటారు. గదలు ఇద్దరి ఒళ్ల మీదా విరిగిపోయాక పిడికిళ్లకు దిగుతారు. ఇరవై ఎనిమిదో రోజు భీముడు కృష్ణుడితో నేను వీణ్ని గెలవలేను బావా అంటాడు. భీముడి నోట ఆ మాట రావడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. అప్పుడు కృష్ణుడు కొమ్మ చీల్చి చూపిస్తాడు. రెండు ముక్కలుగా పుట్టి, జర అనే రాక్షసి కలిపితే బతికినవాడు, కాబట్టి ఆ అతుకే దారి. ముక్కలు మళ్లీ అతుక్కోవడం, అటుది ఇటు ఇటుది అటు విసరడం మా పల్లె ఆటల్లో ఉంటుంది, జనం దానికోసమే మేలుకుని కూర్చుంటారు. భీముడికి ఆ రోజు బలం పెరగలేదు, తెలియనిది ఒకటి తెలిసింది, అంతే. సమ ఉజ్జీల పోరు ఏది చూసినా నాకు కనిపించేది ఇదే.

వాలికి ఎదుటివాడి బలంలో సగం వస్తుందన్నది కూడా వాల్మీకిలో లేదు, అక్కడ ఉన్నది ఇంద్రుడిచ్చిన బంగారు మాల. రాముడికి వచ్చిన ఇబ్బంది వాలీ, సుగ్రీవుడూ ఒకేలా ఉండటం. మొదటిసారి బాణం వేయలేకపోయాడు, సుగ్రీవుడు దెబ్బలు తిని ఋశ్యమూకానికి పరుగెత్తాడు, తర్వాత లక్ష్మణుడు గజపుష్పి తీగ మెడలో వేశాడు. అందుకే వాలి సుగ్రీవులకు మేము ఒకే రంగు పూసి, ఒకే కిరీటం పెడతాం. జనం కూడా తికమక పడాలి.

అపోహ: ఇద్దరికీ మాయలు వస్తే పోరు ఇంకా రంజుగా ఉంటుంది. ఘటోత్కచుడు, కౌరవుల పక్షాన ఉన్న రాక్షసుడు అలంబుసుడు తలపడినప్పుడు చూడండి, ఒకరి మాయ ఒకరు విరుస్తూ పోతారు, చివరికి ఘటోత్కచుడు వాణ్ని చేతులతో ఎత్తి నేలకేసి కొట్టాడు. ఇద్దరికీ తెలిసిన విద్య ఇద్దరికీ పనికిరాదు. మా దగ్గర నేర్చుకునే పిల్లలకు కామిక్స్ పిచ్చి, వాళ్లు సూపర్‌మ్యాన్ శత్రువు జనరల్ జాడ్ గురించి అడుగుతారు. 1961లో కామిక్స్‌లోకి వచ్చిన ఈ జాడ్‌దీ సూపర్‌మ్యాన్‌దీ ఒకే గ్రహం, పసుపు సూర్యుడి కింద ఇద్దరికీ అదే బలం, క్రిప్టొనైట్ అనే వాళ్ల గ్రహపు రాయి ఇద్దరికీ విషమే. సూపర్‌మ్యాన్ ఆ రాయి పట్టుకుని గెలవలేడు కదా అని అడిగితే, సుందోపసుందులను చదవమని చెబుతాను.

చివరగా, నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ: ఓడిపోయే వేషం ఎవరైనా కట్టొచ్చు, మంచి ఆటగాణ్ని భీముడికే పెట్టాలి.

ఇలా చేసిన ప్రతి ఆటా చప్పబడింది. జరాసంధుడు బలహీనంగా కనిపిస్తే కృష్ణుడు కొమ్మ చీల్చడం ఎందుకు? జనానికి ఆ సైగ అక్కరలేదనిపిస్తుంది. అందుకే గొంతు, అడుగు, దమ్ము ఉన్నవాణ్ని జరాసంధుడికి పెట్టండి. ఇద్దరి ప్రవేశానికీ మద్దెల ఒకే జోరులో కొట్టించండి, ఇద్దరికీ సరిసమానంగా దరువులు, అంటే పాటలు, ఇవ్వండి, పోరులో ఒక దెబ్బ భీముడిదైతే మరుదెబ్బ జరాసంధుడిది కావాలి. నల్లగొండ పక్కన పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ భారత ఘట్టాలు చెక్కి ఉన్నాయి, వీలైతే పిల్లలను అక్కడికి తీసుకెళ్లి వీరులు నిలబడిన తీరు చూపించండి. ఇక భీముడు గెలవలేను అనే మాట దగ్గర హార్మోనియం, తాళం అన్నీ ఆపేయించి, ఆ వచనం ఒక్కటే వినిపించేలా చూడండి.