లగ్జరీ వినైల్: పెట్టె మీది ప్రతి మాటకూ ఓ పాత గొడవ

డాలస్ పక్కన మా బావగారు అద్దెకిచ్చిన ఇంట్లో పోయినేడు డిష్‌వాషర్ గొట్టం కారింది. పైకి చుక్క నీరు కనబడకపోవడంతో పది రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. వంటగదిలో అడుగు వేస్తే చప్‌మని చప్పుడొస్తోందని అద్దెకున్నవాళ్ళు ఫోన్ చేశారు. గోడవారన చెక్కపట్టీ ఊడదీసి, నేల మీద పరిచిన వినైల్ (ప్లాస్టిక్) పలకలు ఒక్కోటీ లేపుతుంటే కింద కాంక్రీటు మీద నిలిచిన నీళ్ళు, నల్లటి బూజు, ముక్కు మూసుకోవాల్సిన వాసన. పలకలకు మాత్రం ఏమీ కాలేదు. తుడిచి ఎండలో పెడితే కొన్ననాటిలాగే ఉన్నాయి. "వంద శాతం వాటర్‌ప్రూఫ్ అని రాశాడు కదరా!" అన్నారు బావగారు, గరాజ్‌లో మిగిలిన పెట్టె చూపిస్తూ. రాసింది అబద్ధం కాదు. నీళ్ళకు చెడనిది పలక మాత్రమే. పలకల అతుకుల్లోంచి, అంచుల్లోంచి కిందికి దిగే నీళ్ళ గురించి ఆ పెట్టె మాట్లాడలేదు.

ఆ పెట్టె మీద ఇంకా చాలా మాటలున్నాయి. లగ్జరీ. 20 మిల్. ఎస్‌పీసీ కోర్. థాలేట్లు లేనిది. మేడ్ ఇన్ వియత్నాం. అమెరికాలో ఇల్లు కట్టించేవాళ్ళూ, కొని అద్దెకిచ్చేవాళ్ళూ (మనవాళ్ళు వీళ్ళలో తక్కువేం కాదు) షాపులో చదరపు అడుగు ధర చూసుకుంటూ ఈ మాటల మధ్య తికమకపడతారు. ఒక్కో మాటా ఒక్కో కాలంలో, ఒక్కో ఫిర్యాదుకు జవాబుగా పుట్టుకొచ్చింది. ఆ ఫిర్యాదులేమిటో తెలిస్తే ఏ మాటకు డబ్బు పెట్టాలో, ఏది వదిలెయ్యాలో కొంచెం తేలుతుంది.

కథ అవిసె నూనె దగ్గర మొదలవుతుంది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన, పెయింటు డబ్బాలో గాలి తగిలి గట్టిపడ్డ అవిసె నూనె మీగడను గమనించాడు. రబ్బరులా సాగుతున్న ఆ పొరతో 1860లలో పేటెంట్లు తీసుకున్నాడు. దానికి కార్క్ పొడి, జిగురు కలిపి, గుడ్డ మీద పరిచి లినోలియం అన్నాడు. తుడవడానికి తేలిక, చెక్క నేలకంటే చవక. మధ్యతరగతి వంటిళ్ళన్నీ దాదాపు వందేళ్ళు దాని మీదే నడిచాయి.

వినైల్ పుట్టుక కూడా ఇలా అనుకోకుండా జరిగిందే. 1872లో జర్మనీలో ఆయిగెన్ బౌమన్ గాజు కుప్పెలో వినైల్ క్లోరైడ్‌ను ఎండలో వదిలేస్తే అడుగున తెల్లటి గట్టి పదార్థం తేలింది. అదే పీవీసీ. పెళుసుగా ఉండే ఆ సరుకు యాభై ఏళ్ళు ఎవరికీ పనికిరాలేదు. 1926లో అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్, రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ, కొన్ని ద్రావకాల్లో పీవీసీని మరిగిస్తే మెత్తగా వంగే పదార్థం వచ్చింది. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో వినైల్ నేలను జనం చూశారు. తర్వాత యుద్ధం. వినైల్ అంతా సైన్యానికి పోయింది. ఇళ్ళలోకి రావడం 1940ల చివరికి గానీ కుదరలేదు.

అప్పటికి అమెరికాలో ఇళ్ళు కట్టే పద్ధతే మారింది. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ మొదలైంది. కొన్నేళ్ళలోనే 17 వేలకు పైగా ఇళ్ళు లేచాయి. కింద నేలమాళిగ లేదు, దూలాలు లేవు. నేల మీదే కాంక్రీటు పలక పోసి, దాని మీద తారు టైల్స్ అంటించేశారు. ఇప్పుడు టెక్సస్‌లో కొత్త ఇళ్ళు ఎక్కువగా ఉన్నదీ ఇలాంటి కాంక్రీటు మీదే. కింద మట్టిలోని తేమ కాంక్రీటులోంచి మెల్లగా పైకొస్తుంది. చెక్క నేల వేస్తే ఉబ్బుతుంది. ఈ దేశంలో ప్లాస్టిక్ నేలకు అంత గిరాకీ ఎందుకో అర్థం కావాలంటే ఈ కాంక్రీటు సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ కాలపు టైల్స్‌లో ఓ చెడు దాగి ఉంది. గట్టిదనం కోసం ఆస్‌బెస్టాస్ కలిపేవారు. 9 అంగుళాల చదరాలు, కింద నల్లటి జిగురు. 1980ల మధ్యకు వాటి తయారీ ఆగినా, పాత ఇళ్ళలో కార్పెట్ ఎత్తితే ఇప్పటికీ బయటపడుతుంటాయి. పాత ఇల్లు చవకగా వచ్చిందని కొని, శనివారం పొద్దున్నే సుత్తీ బాడిసా పట్టుకుని దిగేవాళ్ళకు నేను చెప్పే మాట ఒక్కటే. 9 అంగుళాల టైల్ కనబడితే సుత్తి కింద పెట్టండి. పగలగొడితే, గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు ముక్క పరీక్షకు పంపాలి. గట్టిగా అంటుకుని ఉన్నవాటిని కదపకుండా పైన తేలే నేల (కిందికి అంటించకుండా పరిచేది) వేసి మూసేయడం చాలామంది చేసే పని.

ఆ తర్వాత రెండు తరాల పాటు అద్దె ఇళ్ళలో రాజ్యమేలింది కార్పెట్. జార్జియా రాష్ట్రంలో డాల్టన్ అనే చిన్న ఊళ్ళో ఆడవాళ్ళు చేత్తో కుచ్చుల దుప్పట్లు కుట్టేవారు. 1895లో కాథరీన్ ఎవాన్స్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కుట్టిన దుప్పటితో ఆ పని ఊపందుకుంది. దానికి యంత్రాలొచ్చాయి, దుప్పటి కుట్టే యంత్రమే కార్పెట్ కుట్టడం నేర్చుకుంది. అమెరికా కార్పెట్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఆ చుట్టుపక్కల మిల్లుల్లోనే తయారవుతుంది. ఇంటి యజమానికి కార్పెట్ వేయడం చవక, తీసేయడం తేలిక. కానీ ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగే ప్రతిసారీ కుక్క వాసన, కాఫీ మరక, మనవాళ్ళయితే పోపు వాసన. పన్నుల లెక్కలో కూడా అద్దె ఇంటి కార్పెట్‌కు అమెరికా పన్నుల శాఖ ఇచ్చిన ఆయుష్షు 5 ఏళ్ళే. శాశ్వతంగా అంటించిన నేలకు మాత్రం ఇంటితో పాటే 27.5 ఏళ్ళు. అంటే పెట్టిన ఖర్చును ఆదాయంలోంచి అన్నేళ్ళ మీద కొంచెం కొంచెంగా తీసేసుకోవాలి.

కార్పెట్ మీద విసుగెత్తినవాళ్ళ కోసం స్వీడన్ నుంచి లామినేట్ వచ్చింది. పెర్గో అనే కంపెనీ సరుకు 1994లో అమెరికాలో అడుగుపెట్టింది. చెక్కపొడి అట్ట మీద చెక్క ఫొటో, దాని మీద గట్టి పొర. 1990ల చివరికి స్వీడన్‌లో వాలింగె, బెల్జియంలో యూనిలిన్ కంపెనీలు జిగురు అక్కర్లేని క్లిక్ తాళం కనిపెట్టాయి. ఒక పలక నాలుకను రెండోదాని గాడిలో వాల్చి నొక్కితే టక్‌మని పడుతుంది. ఇల్లు కట్టే వ్యాపారంలో ఈ టక్ శబ్దం తెచ్చిన మార్పు అంతా ఇంతా కాదు. జిగురు ఆరేదాకా ఆగక్కర్లేదు, చేయి తిరిగిన పనివాడే కావాలని లేదు. పొద్దున మొదలుపెడితే చీకటి పడేలోపు రెండు గదులు అయిపోతాయి. కానీ లామినేట్‌కు నీళ్ళంటే గండం. అంచు తడిస్తే అట్ట ఉబ్బి అతుకు లేచిపోతుంది. పైగా 2015 మార్చి 1న ఓ టీవీ కార్యక్రమం, పెద్ద దుకాణాల గొలుసు లంబర్ లిక్విడేటర్స్ అమ్మిన చైనా లామినేట్‌లో ఫార్మల్డిహైడ్ అనే విషవాయువు హద్దు మీరి ఉందని బయటపెట్టింది. జనానికి టెన్షన్ పట్టుకుంది. మే నెలలో ఆ దుకాణం చైనా లామినేట్ అమ్మకం ఆపేసింది.

సరిగ్గా ఆ ఖాళీలోకి వినైల్ మళ్ళీ దూసుకొచ్చింది. ఈసారి పేరు ముందు 'లగ్జరీ' తగిలించుకుంది. ఆ మాట పాతదే. ఇంగ్లండులో కోవెంట్రీలో ఆమ్టికో కంపెనీ 1960ల నుంచే రాయిలా, చెక్కలా కనబడే ఖరీదైన వినైల్ టైల్స్ చేసేది. చుట్టలు చుట్టి అమ్మే చవక షీటు వినైల్‌తో తేడా చూపించడానికి పనికొచ్చే మాట అది. ఇప్పుడు అన్నీ లగ్జరీలే. మన ఊళ్ళో ప్రతి హోటలూ 'డీలక్స్' అయినట్టు.

అసలు మలుపు ఆ లామినేట్ గొడవకు రెండేళ్ళ ముందే, 2013లో వచ్చింది. అదే డాల్టన్‌లో యూఎస్ ఫ్లోర్స్ కంపెనీ కోర్‌టెక్ అనే సరుకు దించింది. మధ్యలో చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన నురుగు గుండె, కింద కార్క్ పొర, పైన వినైల్. క్లిక్ తాళం ఉంది, నీళ్ళకు చెడదు. లామినేట్ మీదున్న రెండు ఫిర్యాదులూ ఒక్క దెబ్బకు పోయాయి. అందరూ కాపీ కొట్టారు. తర్వాత కొద్దికాలానికే నురుగు బదులు రాతిపొడి పెట్టి ఎస్‌పీసీ (స్టోన్ ప్లాస్టిక్ కాంపోజిట్) వచ్చింది. ఆ రాతిపొడి మరేదో కాదు, సున్నపురాయి. పలక మధ్య భాగం బరువులో సగానికి పైగా అదే. తాండూరు బండ, బేతంచెర్ల నాపరాయి కూడా సున్నపురాయే కాబట్టి, తాతలు ఏకబండగా పరిపించినదాన్ని మనం పొడికొట్టించి, ప్లాస్టిక్‌తో ముద్దచేసి, పైన ఓక్ చెక్క ఫొటో అంటించి కొనుక్కుంటున్నామన్నమాట. ఆ బండలు మా అమ్మమ్మగారింట్లో అరవై ఏళ్ళ నుంచి ఉన్నాయి. ఈ పలకకు ఎవరూ అంత మాట ఇవ్వరు.

ఎంతకాలం ఆగుతుందన్నది ఆ ఫొటో మీద ఉండే పారదర్శకమైన అరుగుదల పొర చెబుతుంది. దాని మందాన్ని 'మిల్' అనే కొలతలో చెబుతారు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ మోసపోతారు. మిల్ అంటే మిల్లీమీటరు కాదు, అంగుళంలో వెయ్యోవంతు. ఒక మిల్లీమీటరుకు దాదాపు 39 మిల్లులు. '8 ఎంఎం మందం' అని పెద్ద అక్షరాలతో రాసిన పలక మీద అరుగుదల పొర 6 మిల్లులే ఉండొచ్చు. 5 ఎంఎం పలక మీద 20 మిల్లులు ఉండొచ్చు. అద్దె ఇంటికి రెండోదే నయం. కుర్చీలు ఈడ్చినా, కుక్క గోళ్ళు గీసినా తగిలేది ఆ పొరకే. అది అరిగాక కింద పలచటి ఫొటో పొరే. చెక్కలాగా గీకి పాలిష్ పెట్టడానికి ఏమీ ఉండదు. సొంతంగా ఉండే ఇంటికి 12 మిల్లులు సరిపోతాయని నా లెక్క.

'థాలేట్లు లేనిది' అన్న మాట కూడా 2015 నాటిదే. సీమన్ నాటి నుంచీ పీవీసీని మెత్తబరచడానికి కలిపే రసాయనాల్లో థాలేట్లు ముఖ్యమైనవి. పిల్లల ఆరోగ్యం మీద సందేహాలు పెరగడంతో, ఆ ఏడాది ఏప్రిల్‌లో హోమ్ డిపో తాను అమ్మే వినైల్ నేలల్లో వాటిని ఏడాది చివరికల్లా మానేయిస్తానని ప్రకటించింది. మిగతా పెద్ద దుకాణాలూ అదే దారి పట్టాయి. పెట్టె మీద అక్షరాలు అలా ఎక్కాయి.

ఇక 'మేడ్ ఇన్ వియత్నాం'. ఒకప్పుడు అక్కడ చైనా అనే ఉండేది. 2018 సెప్టెంబరులో చైనా సరుకు మీద అమెరికా 10 శాతం సుంకం వేసింది. 2019 మేలో దాన్ని 25 శాతం చేసింది. నవంబరులో క్లిక్ వినైల్‌కు మినహాయింపు ఇచ్చి, 2020 ఆగస్టులో తీసేసింది. ఇళ్ళు కట్టే బిల్డర్లు కొటేషన్ రాసిన రోజు ధర ఒకటి, సరుకు దిగిన రోజు ధర ఇంకొకటి. దానికి తోడు చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతం గొడవ. అక్కడ పీవీసీని బొగ్గు నుంచి, పాదరసం వాడి తయారుచేస్తారు. ఆ ఫ్యాక్టరీల్లో అక్కడి ముస్లిం మైనారిటీ అయిన ఉయ్‌ఘర్లతో బలవంతంగా పని చేయిస్తున్నారన్న ఆరోపణలొచ్చాయి. 2022 జూన్ నుంచి అమలైన అమెరికా చట్టం ప్రకారం, అలాంటి శ్రమ లేదని రుజువు చూపకపోతే సరుకు రేవు దాటదు. వినైల్ కంటైనర్లు ఓడరేవుల్లో ఆగిపోయాయి. 2023 జూన్‌లో అక్కడి పెద్ద పీవీసీ కంపెనీ జోంగ్‌తాయ్ నిషేధ జాబితాకెక్కింది. తయారీ వియత్నాం, కంబోడియా, థాయిలాండ్ వైపు జరిగింది. మన దేశానికీ కొంత వాటా వచ్చింది. మహారాష్ట్రలో బోయిసర్ దగ్గర రెస్పాన్సివ్ కంపెనీ వినైల్ నేలలు చేస్తుంది. రంగారెడ్డి జిల్లా చందనవెల్లిలో వెల్‌స్పన్ ప్లాంటులో కార్పెట్లూ, క్లిక్ టైల్సూ తయారవుతాయి. 2025లో సుంకాల లెక్కలు మళ్ళీ తారుమారయ్యాయి. కాబట్టి పెట్టె మీది దేశం పేరు చూసి నాణ్యత తేల్చడం అనవసరం.

అద్దెకిచ్చేవాళ్ళు ముందు చదవాల్సింది వారంటీ కాగితం. 'లైఫ్‌టైమ్' అని రాసి ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, కొన్న మనిషి సొంతంగా ఉన్నంతకాలమే అన్న షరతు చాలా వారంటీల్లో కనబడుతుంది. అద్దె ఇల్లయితే తక్కువ ఏళ్ళ వాణిజ్య వారంటీ కిందికి వస్తుంది, కొన్నిటికి అదీ ఉండదు. ఇంకో తిరకాసు క్లిక్ తాళంతోనే ఉంది. గది నడుమ ఒక పలక పాడైతే గోడ దగ్గర నుంచి ఒక్కో వరుసా విప్పుకుంటూ రావాలి. పాతకాలపు జిగురు పలకనయితే వేడిచేసి ఆ ఒక్కటీ ఊడదీసి కొత్తది అంటించొచ్చు. ఏళ్ళ తరబడి డజన్ల కొద్దీ ఫ్లాట్లు అద్దెకిచ్చే కంపెనీలు కొన్ని జిగురునే నమ్ముకోవడానికి కారణం అదే.

మన ఇళ్ళ అలవాట్లకూ దీనికీ కొన్నిచోట్ల పడదు. గృహప్రవేశానికి హోమగుండం నేరుగా దీని మీద పెడితే ఇటుకలు వేసినా కింద పలక మెత్తబడి వంగుతుంది. ప్లైవుడ్, దాని మీద ఇసుక తట్ట, ఆపైన గుండం పెట్టించాలి. పసుపు నీళ్ళు ఒలికితే వెంటనే తుడవాలి, రాత్రంతా ఉంటే లేత రంగు పలక మీద మచ్చ పడిపోతుంది. రబ్బరు అడుగున్న పట్టా తలుపు దగ్గర వేస్తే కొన్ని నెలలకు దాని ఆకారంలోనే పసుపుపచ్చటి మరక తేలుతుంది, ఎంత రుద్దినా పోదు. బకెట్‌తో నీళ్ళు పోసి కడగడం మాత్రం అస్సలు వద్దు. పిండిన తడిగుడ్డ చాలు.

బావగారింట్లో చివరికి కాంక్రీటు ఆరడానికి మూడు వారాలు ఫ్యాన్లు తిరిగాయి. లేపిన పలకల్లో కొన్నిటి తాళం నాలుకలు విరిగాయి. గరాజ్‌లో మిగిలిన పెట్టె ఒక్కటి, దాంట్లో పలకలు సగానికే సరిపోయాయి. ఆ రంగు కోసం షాపుకెళితే అది రావడం ఆగి రెండేళ్ళయిందన్నారు. పడకగది అల్మరాలోని పలకలు ఊడదీసి తెచ్చి వంటగదిలో వేశాం, అల్మరాలో దగ్గర రంగుది ఏదో కొని సర్దాం. బట్టలు వేలాడుతుంటాయి కాబట్టి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.