గాలిదుమారం లేచిన రోజు గాలి నాణ్యత

ఏప్రిల్, మే నెలల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పగలంతా ఎండ కాసి సాయంత్రానికి మబ్బు పట్టినప్పుడు, చాలాసార్లు వానకంటే ముందు దుమారమే వస్తుంది. మబ్బు నుంచి రాలే చినుకులు కొన్ని దారిలోనే ఆవిరై చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. అలా బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దిగి, నేలను తాకి నలువైపులా దూసుకుపోతుంది.

అది మొదట కదిపేది ఇసుకను. సన్నని ధూళి నేలను అంటిపెట్టుకొని ఉంటుంది; గెంతుతూ వచ్చే ఇసుక రేణువులు తాకినప్పుడే అది పైకి లేస్తుంది. టెక్కలి వైపు గ్రానైట్ లారీలు తిరిగే మట్టిదారుల్లో చక్రాల కింద నలిగిన పొడి పాదం మునిగేంత మెత్తగా ఉంటుంది. అటువంటి చోట కాసేపటి ఈదురుగాలి చాలు, ఎదుటి మనిషి కనిపించడు.

ఈ ధూళిలో ఎక్కువ భాగం ముతక రేణువులు కాబట్టి పీఎం 10 (గాలిలో 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువుల మోతాదు) ఎగబాకినంతగా పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవాటి మోతాదు) పెరగదు. పైగా అదే గాలి వాహనాల పొగను చెదరగొట్టి నైట్రోజన్ డయాక్సైడ్‌ను తగ్గిస్తుంది. రెండు పీఎం అంకెలనూ పక్కపక్కన చూస్తే వచ్చింది మట్టా, పొగా అన్నది చాలావరకు తెలుస్తుంది.

చిక్కంతా సగటుతోనే. మన దేశపు గాలి నాణ్యత సూచీ పీఎం 10ను 24 గంటల సగటుగా లెక్కిస్తుంది. ఉదాహరణకు, 23 గంటలు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉండి, దుమారం లేచిన ఒక్క గంట 600 ఉందనుకుంటే, సగటు 82.5 మాత్రమే అవుతుంది. పరిమితి 100 కనుక పీఎం 10 వరకు ఆ రోజు ‘సంతృప్తికరం’. ఆ గంటలో బయట ఉన్న ఆస్తమా పిల్లవాడికి ఈ మాట ఏ విధంగానూ ఉపయోగపడదు. అతని తల్లిదండ్రులకు కావలసింది గంటవారీ అంకె. మర్నాడు వాన కడిగిన గాలి తేటగా ఉన్నా, గడిచిన 24 గంటల్లో ఆ 600 ఇంకా ఉన్నంతసేపు సూచీ దిగదు. కరెంటు పోయి గాలిని కొలిచే యంత్రం ఆగితే అసలు ఆ గంట లెక్కలోకే రాదు.

తుపాను సంగతి వేరు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుపానులో గాలి ఎంత బలంగా వీచినా, తడిసిన నేల నుంచి ధూళి లేవదు. తీరంలో అలల నుంచి ఎగసే ఉప్పు తుంపరలు మాత్రం పీఎం 10ను పెంచగలవు. ఉప్పు రేణువులు తేమను పీల్చి ఉబ్బుతాయి. కాంతితో కొలిచే చవక సెన్సార్లు ఆ నీటిని కూడా కాలుష్యంగానే లెక్కగడతాయి. అందుకే ప్రామాణిక యంత్రాల్లో లోపలికి వచ్చే గాలిని కాస్త వేడిచేసి తేమను తగ్గించాకే తూకం వేస్తారు.