ఉప్పునీళ్ల ట్యాంకులో మేత ఎక్కడికి పోతుంది?

నీళ్లు తేటగా ఉన్నాయి కదా ట్యాంకు బానే ఉన్నట్టే అంటారు, శ్రీకాకుళంలో కొత్తగా ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టినవాళ్లు. కానీ నైట్రేటుకి రంగుండదు, ఫాస్ఫేటుకి వాసనుండదు, టెస్ట్ కిట్ తియ్యకుండా అవెంతున్నాయో ఎవరూ చెప్పలేరు.

ఈ రెండూ మనం వేసే మేతలోంచి వచ్చేవే. చేప తిన్నదాంట్లో కొంత ఒంటికి పడుద్ది, మిగతాది మొప్పల్లోంచి అమ్మోనియాగా, మలంగా నీళ్లలోకే వస్తుంది, రాళ్ల సందుల్లో పడ్డది కూడా కుళ్లి అదే అవుద్ది. రాళ్ల మీది బ్యాక్టీరియా ఒక రకం అమ్మోనియాని నైట్రైటు చేస్తే ఇంకో రకం దాన్ని నైట్రేటు చేస్తుంది, ఆ నైట్రేటు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పైగా సముద్రపు నీళ్ల పీహెచ్ 8 పైనే, అందుకే ఇక్కడ అమ్మోనియా విషం ఎక్కువ, మన తీరంలో రొయ్యల చెరువులు చేసేవాళ్లని అడిగితే చెప్తారు.

నీళ్లు మారిస్తే సరిపోద్ది కదా అంటారా, లెక్క చూడండి. నైట్రేటు 40 పీపీఎం, అంటే లీటరుకి 40 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు 10 శాతం మారిస్తే 36కి దిగుద్ది, అంతే! మేత అలాగే వేస్తుంటే మళ్లీ ఎక్కేస్తుంది. అందుకే ముందు మేత తగ్గించాలి, రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యాలి, ఫ్రోజెన్ మేతైతే టీ వడకట్టులో కరగనిచ్చి ఆ రసం పారబొయ్యాలి.

తర్వాత స్కిమ్మర్, అంటే నీళ్లలో బుడగలు పుట్టించి మురికి తీసే పరికరం. సన్నటి బుడగలకి ప్రొటీన్ అంటుకుని నురగై పైకొచ్చి కప్పులో పడుద్ది, చిక్కటి డికాషన్ లాంటి ఆ కంపు నీళ్లు చూస్తే నాకు సంతోషం, అమ్మోనియా అవ్వకముందే బయటికొచ్చేసిన సరుకు అది. కప్పు మెడకి జిడ్డు పడితే నురగ ఎక్కదు, తరచూ తుడవండి.

అలాగని నైట్రేటూ ఫాస్ఫేటూ రెండూ సున్నా చెయ్యకండి, అప్పుడు డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు గోధుమరంగు జిగటలా ఇసకంతా కప్పేస్తాయి. నైట్రేటు 5 నుంచి 10, ఫాస్ఫేటు 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలకడగా ఉంటే చాలంటాను నేను.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోద్ది, కాబట్టి తగ్గినదాన్ని ఆర్‌వో నీళ్లతోనే నింపి సాంద్రత 1.025 దగ్గర ఉంచాలి. కళింగపట్నం వెళ్లి సముద్రం నీళ్లే తెచ్చుకుందాం అనిపిస్తుంది గానీ వంశధార కలిసేది అక్కడే, వానాకాలంలో పొలాల ఎరువూ బురదా వచ్చిపడతాయి, ఉప్పదనమూ తగ్గిపోద్ది. నేను వద్దనే అంటాను, సీ సాల్ట్ మిక్స్ కలుపుకోవడమే మేలు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను కొట్టాక జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు ఉండి తీరాలి. చేపలు రెండు మూడు రోజులు పస్తుంటాయి గానీ ఆక్సిజన్ లేకపోతే గంటల్లోనే పోతాయి, కాబట్టి మేత ఆపెయ్యండి. కరెంటొచ్చాక మూసున్న క్యానిస్టర్ ఫిల్టర్ వెంటనే ఆన్ చెయ్యొద్దు, లోపల బ్యాక్టీరియా గాలాడక చచ్చి ఉంటుంది, ఆ నీళ్లు పారబోసి కడిగాకే తిప్పండి.