పూడిక తీశారు, వంక మరిచారు: చిత్తూరు చెరువుల వెనక కథ

2021 నవంబరు 18న తిరుపతి వీధుల్లో వాహనాలు కొట్టుకుపోయాయి. మరునాడు రాజంపేట వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 21న రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు కనబడింది. కింది ఊళ్లను ఖాళీ చేయించి, ఇసుక బస్తాలు పేర్చి, నీళ్లు వదిలి ఎలాగో కట్టను నిలబెట్టారు. అంతకు మూడేళ్ల ముందు, 2018లో, అప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లా మండలాలు కరువు జాబితాలో ఉన్నాయి. ఒక ఏడు చెరువులో నెర్రెలు, ఇంకో ఏడు కట్ట తెగుతుందేమోనన్న భయం. వాతావరణ మార్పు అనే మాట ఈ పక్క ఊళ్లలో ముందుగా కనిపించేది చెరువులోనే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోస్తుంది. కురిసే రోజులు పెరగకపోయినా, కురిసిన రోజున కుండపోత అవుతుంది.

ఆ కుండపోతను పట్టుకోవడానికి కట్టినవే గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మొరవ (మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) పారితే ఆ నీళ్లు వంకలో, అంటే వాన నీటి వాగులో దిగి కింది చెరువుకు చేరతాయి. ఈ జిల్లాకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ దాదాపు సరిసమానంగా వాన ఇస్తాయి కాబట్టి ఒకదాంట్లో తప్పితే రెండోదాంట్లో నిండేవి.

వీటిని ఎవరు చూసుకునేవారన్నది అసలు చరిత్ర. విజయనగర కాలంలో చెరువు తవ్వించినవాళ్లకు, బాగు చేసేవాళ్లకు ఆ పనికి ప్రతిఫలంగా దశబంధ మాన్యాలనే భూములు ఇచ్చేవారు. తిరుమల శాసనాల్లో ఇంకో ఏర్పాటు కనిపిస్తుంది. భక్తుడు నైవేద్యం కోసం ఇచ్చిన సొమ్మును ఆలయ గ్రామాల్లో చెరువులకు, కాలువలకు ఖర్చు పెట్టి, పెరిగిన పంటలోంచి నైవేద్యం జరిపించేవారు. నేటి దాతలు ఇది ఒకసారి చదువుకోవాలి. పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమైతే మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెబుతుంది. కట్ట కారడం, నీటి రాకకూ భూమి విస్తీర్ణానికీ పొంతన లేకపోవడం ఆ దోషాల్లో ఉన్నాయి.

రోజువారీ పని ఊరి నీటి కాపరి నీరుగంటిది. తూము తెరవడం, మూయడం, ఆయకట్టు చివరి మడి దాకా వంతు ప్రకారం నీళ్లు తీసుకుపోవడం, వాన రాత్రుల్లో కట్ట మీద తిరగడం, ప్రమాదమనిపిస్తే దండోరా వేయించి ఊరిని పిలవడం. కూలి కళ్లంలోనే మేరగా గింజల్లో ముట్టేది. వేసవిలో ఇంటికొక మనిషి చొప్పున వంక పూడిక తీసే కుడిమరామత్తు సరేసరి. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ పనిని నిర్బంధం చేస్తూ చట్టం వచ్చింది. చట్టం తేవాల్సి వచ్చిందంటేనే కట్టుబాటు అప్పటికే సడలిందని అర్థం. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలై, కొలతలు, అంచనాలు ఇంజనీర్ల చేతికి వెళ్లాయి. 1956 ఇనాం రద్దు చట్టంతో మాన్యాలు పట్టాలయ్యాయి. భూమి చేతిలో మిగిలింది, దానికి ముడిపడిన పని పోయింది. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాక నీరుగంటి మాటకు వెనక నిలిచే మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. ఈలోగా బోర్లు వచ్చాయి. సొంత బోరున్న రైతుకు తూము దగ్గర వంతు కోసం నిలబడే అవసరమేముంది? ఆ బోరుకు నీరు ఊరేది చెరువు నుంచేనన్న సంగతి మదనపల్లె వైపు బోర్లు వెయ్యి అడుగులకు దిగాక గాని తెలిసిరాలేదు.

ప్రభుత్వం అధికారాన్ని మళ్లీ రైతులకు ఇవ్వాలని చూసింది. 1997 సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం కింద రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం చెరువులవే. లోపం నిర్మాణంలోనే ఉంది. ఓటు ఆయకట్టు భూమి ఉన్నవాళ్లకే. చెరువులో చేపలు పట్టేవాళ్లు, గొర్రెలకు నీళ్లు పెట్టేవాళ్లు, పైన వంక ఒడ్డున సేద్యం చేసేవాళ్లు ఆ లెక్కలో లేరు. చెరువు నిండాలంటే ఒప్పించాల్సింది ముఖ్యంగా ఆ వంక ఒడ్డు రైతులనే. 2000లో నీరు-మీరు, 2006 నుంచి ఉపాధి హామీ, 2015లో నీరు-చెట్టు, 2022లో అమృత్ సరోవర్ పథకాలు వచ్చాయి. అన్నిటిలోనూ ఎక్కువ కనిపించిన పని పూడికతీతే. ఎందుకంటే దాన్ని కొలవొచ్చు, బిల్లు పెట్టొచ్చు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరా చెరువులో అడుగు లోతు పూడిక తీస్తే 43,560 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రాలీకి 100 ఘనపుటడుగుల చొప్పున 435 ట్రాలీలు. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి 500 దాటుతాయి. ఇప్పుడు వంక వైపు చూడండి. ఒక చదరపు కిలోమీటరు మీద 50 మి.మీ. వాన పడి, అందులో ఐదో వంతు పారినా 10,000 ఘనపు మీటర్ల నీళ్లు. అమృత్ సరోవర్ నిబంధన ప్రకారం ఒక చెరువు పట్టాల్సిన కనీస నీరు కూడా సరిగ్గా ఇంతే. అంత చోటు తవ్వి సంపాదించాలంటే, మట్టి పొంగు కలపకుండానే, 3,500 ట్రాలీల మట్టి ఎత్తాలి. వంక తెరిచి ఉంటే ఒక్క వానలో అన్ని నీళ్లు వచ్చి పడతాయి. వంక మూసుకుపోతే ఎంత తవ్వినా అది ఎండిన గొయ్యే.

పూడికతీత వద్దని కాదు. ఎర్ర ఇసుక నేలల్లో వేరుశనగ వేసే రైతుకు చెరువు మట్టి బంగారం. కానీ ఒండ్రు ఎంత మందముందో ముందు గుంత తీసి చూడాలి. ఒండ్రు కింద గరుసు (కంకర మట్టి) దాకా పోకుండా ఆపేయాలి. అక్కడ బంకమన్ను పొర తెగితే చెరువులో నీళ్లు నిలవవు. కట్ట కాలికి ఆనుకొని తవ్వితే కట్టే జారుతుంది. రోడ్ల కోసం గరుసు తీసేవాళ్లు సరిగ్గా ఈ రెండు తప్పులూ చేస్తారు. ఆ లోతు గుంతల్లోనే పిల్లలూ పశువులూ పడుతుంటాయి.

కట్ట విషయంలో యువజన సంఘాలు, స్వయం సహాయక సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. సర్కారు తుమ్మను చిన్నప్పుడే వేళ్లతో పీకాలి. పెద్ద చెట్టును నరికి వదిలేస్తే వేరు కుళ్లి, ఆ ఖాళీలోంచి నీళ్లు దారి చేసుకుంటాయి. ఎలుక బొరియలను పైపైన పూడిస్తే లాభం లేదు. బొరియ చివరి దాకా తవ్వి, మట్టిని తడిపి, 6 అంగుళాల పొరలుగా దిమ్మిసతో కొట్టాలి. చెరువు నిండినప్పుడు కట్ట వెలుపలి కాలి దగ్గర ఊట కనబడితే ముందు రంగు చూడాలి. తేటగా వస్తుంటే కాపలా పెట్టి గమనిస్తే చాలు. బురదగా వస్తుంటే కట్టలోని మట్టి కొట్టుకొస్తోందన్నమాట, అప్పుడు ఇక ఆలస్యం పనికిరాదు. చాలామంది ఊట నోట్లో బస్తా కుక్కేస్తారు, నీళ్లు పక్కన ఇంకో చోట పొడుస్తాయి. ఊట చుట్టూ గుండ్రంగా బస్తాలు పేర్చి, లోపల ముందు ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపైన పెద్ద కంకర పోయాలి. అప్పుడు నీళ్లు బయటికి పోతాయి, మట్టి లోపలే ఆగుతుంది. అధికారులకు కబురు అంతకు ముందే వెళ్లి ఉండాలి.

మొరవ దగ్గర గొడవ వేరు. ఇంకాస్త నీళ్లు నిలవాలని ఆయకట్టు రైతులు మొరవ మీద బస్తాలు పేరుస్తారు. తమ పొలం మునుగుతుందని చెరువు లోపలి వైపు రైతులు రాత్రికి రాత్రి దాన్ని పగలగొడతారు. మొదటిది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే కట్ట ఎత్తుకూ మొరవ ఎత్తుకూ మధ్య ఉంచిన తేడాను అది మింగేస్తుంది. కుండపోత రోజున నీళ్లు కట్ట పైనుంచి పారితే మట్టికట్ట నిలవదు.

సంఘాలు బాగా చేసి చూపిన పని ఇంకొకటి ఉంది. 2000ల దశకంలో చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను కొలిచే ప్రాజెక్టు నడిచింది. వర్షమాపకం చూడటం, పదిహేను రోజులకొకసారి బోర్లలో నీటిమట్టం రాయడం, రబీకి ముందు ఊరంతా కూర్చొని ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావాల్సిందెంత అని లెక్క చూసుకోవడం ఇందులో భాగం. ఎవరినీ బలవంతపెట్టలేదు. వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లడం మాత్రం ఆ లెక్క చూశాకే జరిగింది.

వంక ఆక్రమణల్లో చట్టం ఊరి పక్షానే ఉంది. 2001లో హించ్ లాల్ తివారీ కేసులో చెరువులు, కుంటలు ఉమ్మడి వనరులని సుప్రీంకోర్టు చెప్పింది. 2011 జగ్‌పాల్ సింగ్ తీర్పు ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు తయారుచేయమని రాష్ట్రాలను ఆదేశించింది. అయినా అర్జీలు తేలవు, కారణం చాలాసార్లు అర్జీలోనే ఉంటుంది. ‘వంక ఆక్రమించారు’ అని రాస్తే సర్వేయరు దేన్ని కొలవాలి? గ్రామ పటం, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) నకళ్లు తీసుకొని, చెరువు నుంచి పైకి నడుస్తూ వంక దాటే ప్రతి సర్వే నంబరు రాసుకోవాలి. లేఅవుట్ దారి కింద 600 మి.మీ. పైపు ఒకటి వేసి ఉంటే దాని కొలతా రాయాలి. 3 మీటర్ల వెడల్పు, మీటరు లోతున్న వంకలో పదో వంతు నీళ్లు కూడా ఆ పైపులోంచి పోవు. ఇది కోపం చూపే వాక్యం కాదు, ఇంజనీరు కాదనలేని అంకె. పంచాయతీ తీర్మానం జతచేసి జనవరిలోనే తహసీల్దారుకు ఇస్తే సర్వేకు, నోటీసులకు, అభ్యంతరాలకు పోను మే నెలలో యంత్రం దిగే వీలుంటుంది. జూన్‌లో ఇచ్చిన అర్జీ మీద పని వచ్చే ఏడాదికే. ఫొటోలు మాత్రం వాన పడిన రోజునే తీయాలి, నీళ్లు ఆగిన చోట కొలకర్ర నిలబెట్టి, తేదీ, సర్వే నంబరు కనబడేలా.