నవలలోని ఒంటరితనం తెర మీదికి ఎలా వస్తుంది: అపోహలు - వాస్తవాలు

చెన్నై సాలిగ్రామంలో ఉంటూ నవలల్ని స్క్రీన్‌ప్లేలుగా మార్చే పని చేస్తాను. నగరంలో ఒంటరిగా మిగిలిపోయిన మనుషుల కథలంటే నాకు ప్రాణం. అలాంటి నవల చేతికి వచ్చినప్పుడల్లా స్టోరీ సిట్టింగ్స్‌లో ఇవే మాటలు వినిపిస్తుంటాయి.

అపోహ: బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది' ఎప్పుడో సినిమాగా వచ్చేసింది.

వాస్తవం: 1960లో సావిత్రి నటించిన సినిమాకు ఆ పేరు ఉంది, అంతే. దాని కథ బెంగాలీ సినిమా 'దీప్ జ్వేలే జాయ్'ది. అందులో నవలా నాయకుడు దయానిధి లేడు. పాత పుస్తకమే కదా, అడక్కుండా సినిమా తీసేద్దాం అనుకోవడం కూడా కుదరదు. మన చట్టంలో కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. బుచ్చిబాబు 1967లో పోయారు కాబట్టి 2027 ఆఖరు దాకా హక్కుదారుల అనుమతి కావాలి. అదీ రాతపూర్వకంగా. ఒప్పందంలో గడువు రాసుకోకపోతే ఐదేళ్లుగానే లెక్క.

అపోహ: మనసులోని మాటలన్నీ వాయిస్ ఓవర్‌లో పెట్టేస్తే నవలకు న్యాయం చేసినట్టే.

వాస్తవం: పుస్తకం చదివేవాళ్లు ఒక వాక్యం దగ్గర ఆగగలరు, వెనక్కి వెళ్లగలరు. థియేటర్లో ఆ వీలు లేదు. స్క్రీన్‌ప్లేలో పేజీకి సుమారు ఒక నిమిషం అని లెక్క వేస్తాం. ఆ నిమిషంలో పాత్ర ఏదో ఒకటి చేయాలి. ఠాగూర్ నవలిక 'నష్టనీడ్'ను సత్యజిత్ రాయ్ 1964లో 'చారులత'గా తీశారు. మొదటి కొన్ని నిమిషాల్లో దాదాపు మాటలే లేవు. చారు కుట్టుపని చేస్తుంది, పుస్తకం తీస్తుంది, ఒక్కో కిటికీ దగ్గరికీ వెళ్లి వీధిలో మనుషుల్ని చిన్న దుర్భిణీలోంచి చూస్తుంది. ఇంతలో భర్త చదువుకుంటూ పక్కనుంచే వెళ్లిపోతాడు, ఆమెను గమనించడు. దూరమవుతున్న అతణ్నీ ఆమె అదే దుర్భిణీలోంచి చూస్తుంది. ఇంట్లో మనిషిని అలా చూడాల్సి రావడం! ఏ స్వగతమూ ఇంత చెప్పలేదు.

అపోహ: ఒంటరితనం అంటే ఖాళీ గది, కిటికీ, వాన.

వాస్తవం: నేను ఎక్కువ పోట్లాడేది దీని మీదే. చెన్నై వేలచ్చేరిలో పీజీ హాస్టల్లో ఇద్దరితో గది పంచుకుంటున్న గుంటూరు అమ్మాయిని ఊహించండి. రాత్రి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అంటే "తిన్నానమ్మా, ఇప్పుడే" అంటుంది. తినలేదు. ఆ అబద్ధం చెబుతున్నప్పుడు మిగతా ఇద్దరూ అదే గదిలో ఏదో చూసి పగలబడి నవ్వుతుండాలి. వాళ్లను తీసేస్తే సీన్ చచ్చిపోతుంది. అందుకే ఇలాంటి సినిమాకు జూనియర్ ఆర్టిస్టుల ఖర్చు తగ్గిద్దామంటే నేను ఒప్పుకోను.

అపోహ: ఫోన్ స్క్రీన్ మీద మెసేజ్‌లు చూపిస్తే ఈ కాలపు కథ అయిపోతుంది.

వాస్తవం: ప్రేక్షకులు అక్షరాలు చదువుతున్నంతసేపూ నటి ముఖం చూడరు.

అపోహ: నిశ్శబ్దం కావాలంటే సౌండ్ తీసేయడమే.

వాస్తవం: పూర్తిగా తీసేస్తే థియేటర్లో స్పీకర్ పోయిందనుకుంటారు. ప్రతి గదికీ తనదైన శబ్దం ఉంటుంది. షూటింగ్‌లో అందర్నీ కదలకుండా నిలబెట్టి రూమ్ టోన్ రికార్డు చేసేది అందుకే. దాని మీద పక్కింటి టీవీ, కుక్కర్ విజిల్, కింద వీధిలో పూలమ్మే ఆవిడ కేక పడితే, లోపలున్న మనిషిని పలకరించేవాళ్లు లేరని తెలుస్తుంది. ఇవి స్క్రిప్టులోనే రాయాలి. ఆర్‌ఆర్‌లో, అంటే చివర్లో నేపథ్య సంగీతం చేర్చే రీ-రికార్డింగ్‌లో, వయొలిన్ వేసి సర్దేద్దాం అంటే ఆలస్యమైపోతుంది.

అపోహ: రచయిత పక్కనుంటే స్క్రిప్ట్ ముందుకు సాగదు.

వాస్తవం: తమిళ నవల 'సిల నేరంగళిల్ సిల మనిదర్గళ్' మద్రాసులో ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా మిగిలిన గంగ కథ. 1977లో ఎ. భీమ్‌సింగ్ దాన్ని సినిమాగా తీసినప్పుడు స్క్రీన్‌ప్లే రాసింది నవలా రచయిత జయకాంతనే. గంగ పాత్రకు లక్ష్మికి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. నేనైతే రచయితను ముందుగా ఒకటే అడుగుతాను: ఏ సంఘటన తీసేస్తే ఇది మీ నవల కాకుండా పోతుంది? చాలామంది కథలోని పెద్ద మలుపు చెప్పరు, ఎవరూ పట్టించుకోని చిన్న సంఘటన ఒకటి చెబుతారు. సీన్లను ఒక్కో వాక్యంలో వరుసగా పెట్టే వన్‌లైన్ ఆర్డర్ రాయడం అక్కడి నుంచే మొదలుపెడతాను.